బ్రీడింగ్ మందలో మైకోప్లాస్మా అనుమానం: గుడ్లు పొదిగించవచ్చా?

తెల్లపెట్ట:
అందరికీ నమస్కారం. అనేక తరాలుగా ఒకే వంశాన్ని కాపాడుకుంటూ వస్తున్న నా మందలో కొంతకాలంగా గురక, తుమ్ములు కనిపిస్తున్నాయి. కొన్ని పెట్టలకు కంటి మూలలో సబ్బు నురగ లాంటి బుడగలు చేరుతున్నాయి. ఒక పుంజుకు కంటి కింద ముఖం ఉబ్బింది. మరణాలు దాదాపు లేవు గానీ గుడ్లు తగ్గాయి, పొదిగించిన వాటిలో చివరి రోజుల్లో పెంకులోనే చనిపోయే పిల్లలు పెరిగాయి. కొత్తగా తీసుకున్న పుంజును మందలో కలిపే ముందు కొన్ని వారాలు వేరుగానే ఉంచాను, ఆ గడువంతా అది ఒక్కసారైనా తుమ్మలేదు. టైలోసిన్ అనే యాంటీబయాటిక్ నీటిలో కలిపి ఇస్తే గురక తగ్గుతోంది, ఆపితే మళ్లీ మొదలవుతోంది. మందనంతా తీసివేయాలా, లేక మందు కొనసాగిస్తూ ఈ గుడ్లనే పొదిగించుకోవచ్చా? ఈ వంశం మరొకరి దగ్గర దొరకదు కనుక తొందరపడి నిర్ణయం తీసుకోలేకపోతున్నాను.

కోళ్ల డాక్టరు:
మీరు చెప్పిన లక్షణాలను బట్టి మొదట అనుమానించవలసింది మైకోప్లాస్మా గల్లిసెప్టికం, అంటే సీఆర్‌డీ అని పిలుచుకునే దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి. అయితే కేవలం అనుమానం మీద మంద భవిష్యత్తును తేల్చకండి. ముఖం ఉబ్బడం, ముక్కు కారడం కొరైజా అనే బ్యాక్టీరియా జలుబు వ్యాధిలోనూ ఉంటాయి. అది సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడి మందంతటా వేగంగా పాకుతుంది, ముక్కు స్రావం తరచుగా దుర్వాసన వేస్తుంది. రెండింటిలోనూ కోలుకున్న కోడి క్రిమిని మోస్తూనే ఉంటుంది. మీ నిర్ణయాన్ని మార్చగల తేడా మాత్రం ఒక్కటే: కొరైజా గుడ్డు ద్వారా పిల్లకు చేరదు, మైకోప్లాస్మా చేరుతుంది. ఒకవేళ ఉన్నట్టుండి కోళ్లు చనిపోవడం మొదలైతే ఈ చర్చను పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ పశువైద్యులకు తెలియజేయండి, ఎందుకంటే కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ కూడా శ్వాస ఇబ్బందితోనే మొదలు కావచ్చు.

పరీక్షకు గొంతు నుంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేయించడం మంచిది, కానీ టైలోసిన్ ఇస్తుండగా తీస్తే క్రిమి ఉన్నా దొరకకపోవచ్చు. ప్లేటు మీద చేసే రక్తపరీక్ష త్వరగా అయిపోతుంది. అయితే ఇటీవల వేసిన, చంపిన క్రిమితో చేసే టీకాల వల్ల కూడా అది తప్పుగా పాజిటివ్ చూపవచ్చు కనుక మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. మీ కొత్త పుంజు విషయంలో జరిగింది కూడా ఇలాంటిదే అయి ఉండవచ్చు: లక్షణాలు లేని వాహక కోడిని వేరుగా ఉంచడం ఒక్కటే పట్టివ్వదు, ఆ గడువులో పరీక్ష చేయిస్తేనే అది బయటపడుతుంది.

మందుల గురించి ఒక మాట. ఈ క్రిమికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ జాతి మందులు పనిచేయవు. టైలోసిన్, టియాములిన్, టెట్రాసైక్లిన్లు లక్షణాలను అణచి గుడ్డులోకి వెళ్లే క్రిమిని తగ్గిస్తాయే తప్ప మందను పూర్తిగా శుభ్రం చేయలేవు. టియాములిన్ వాడదలచుకుంటే మేతలో మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి కాక్సీడియా మందులు లేవని ముందే చూసుకోండి. ఆ రెండూ కలిస్తే కోళ్లు చనిపోతాయి.

నాటుపుంజు:
డాక్టరు గారి మాటను కాదనడం లేదు. అయితే మందులు పూర్తిగా ఆపి, తట్టుకుని నిలబడిన కోళ్ల నుంచే తరువాతి తరాన్ని తీస్తే మంద క్రమంగా గట్టిపడదా? మారెక్స్ అనే వైరస్ వ్యాధిని తట్టుకునే వంశాలను పెంపకందారులు అలాగే తయారు చేసుకున్నారు కదా.

పాతకాపు:
మారెక్స్ ఉదాహరణ ఇక్కడ కుదరదండీ. మారెక్స్‌ను తట్టుకునే గుణం వంశపారంపర్యమైనది, బీ21 అనే జన్యురూపం ఉన్న కోళ్లు దానికి బాగా తట్టుకుంటాయని పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. పైగా ఆ వైరస్ గుడ్డు ద్వారా రాదు, ఈకల పొడితో వ్యాపిస్తుంది. కాబట్టి సోకిన తల్లి నుంచి కూడా శుభ్రమైన పిల్లను పొంది, మొదటి రోజే టీకా వేసి దూరంగా పెంచవచ్చు. మైకోప్లాస్మాలో తట్టుకుని నిలబడిన పెట్ట క్రిమిని లోపల దాచుకున్న పెట్టే. ఈకలు రాల్చే కాలంలోనో, సజీవ శ్వాసకోశ టీకా వేసినప్పుడో, షెడ్డులో అమ్మోనియా ఘాటు పెరిగినప్పుడో అది మళ్లీ పైకి లేస్తుంది, దాని మీద ఈ.కోలై బ్యాక్టీరియా చేరితే అసలు నష్టం అప్పుడు కనిపిస్తుంది.

తెల్లపెట్ట గారు, వంశం అంత విలువైనదైతే పెద్దవాటిని కాక, గుడ్లను కాపాడుకునే దారి చూడండి. సోకిన తొలి వారాల్లో గుడ్డు ద్వారా సంక్రమణ ఎక్కువగా ఉండి, తరువాత తగ్గుతుంది గానీ ఆగిపోదు. కాబట్టి ఉధృతి తగ్గాక, తల్లులకు మందు ఇచ్చి, గుడ్లను చిన్న చిన్న జట్లుగా పొదిగించి, ఒక్కో జట్టు పిల్లలను మందకు దూరంగా, వీలైతే మరొక మనిషి చేతి కింద పెంచండి. ఏ జట్టులో ఒక్క కోడి పాజిటివ్ అని తేలినా ఆ జట్టు మొత్తాన్నీ తీసివేయాలి. మనసు ఒప్పని పని అదే, అయినా ఒక్కదాన్ని తీసి మిగిలినవాటిని ఉంచుకుంటే ఈ పద్ధతికి అర్థమే ఉండదు.

తెల్లపెట్ట:
ధన్యవాదాలు. టైలోసిన్ ఆపి కొంత విరామం ఇచ్చాక స్వాబ్‌లు తీయిస్తాను. పొదిగించే ముందు గుడ్లకే ఏదైనా చేయవచ్చని విన్నాను, అది నిజమేనా?

కోళ్ల డాక్టరు:
నిజమే, రెండు పద్ధతులున్నాయి. మొదటిది, వెచ్చబరచిన గుడ్లను చల్లని టైలోసిన్ ద్రావణంలో ముంచడం. గుడ్డు లోపలి పదార్థం చల్లబడి ముడుచుకుంటూ పెంకు రంధ్రాల గుండా మందును లోపలికి పీల్చుకుంటుంది. అయితే ద్రావణం కలుషితమైతే సూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా కూడా అదే దారిలో లోపలికి పోతుంది కనుక నేను దీన్ని అనుభవం లేనివారికి సూచించను. రెండవది, పొదుగుకు ముందు గుడ్లను సుమారు 46 డిగ్రీల సెల్సియస్ వద్ద 12 నుంచి 14 గంటల పాటు ఉంచడం. క్రిమి చాలావరకు నశిస్తుంది గానీ పొదుగు శాతం కొంత పడిపోతుంది, ఉష్ణోగ్రత కాస్త ఎక్కువైతే పిండాలే పోతాయి. అమ్మకానికి వచ్చే చిన్న ఇంక్యుబేటర్లలో చాలావాటికి అంత నిలకడ ఉండదు.

ఏ పద్ధతి పాటించినా పిల్లలను చిన్న వయసులోనే రక్తపరీక్ష చేసి ఫలితాన్ని నమ్మకండి, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు లెక్కను తప్పిస్తాయి. అవి తగ్గిన తరువాత ఒకసారి, గుడ్లు పెట్టే దశకు వచ్చే ముందు మరొకసారి పరీక్షించండి. అప్పటి వరకు పాత మంద నుంచి గానీ కొత్త జట్ల నుంచి గానీ కోడినీ గుడ్డునూ బయటివారికి ఇవ్వవద్దు.