రోడ్డు ఎత్తు పెరగకముందే ఎవరిని అడగాలి?

మా వీధిలో పాత మురుగునీటి పైపులు తీసి కొత్తవి వేసిన తరువాత, పాత సిమెంటు రోడ్డును తవ్వకుండానే దాని మీద మరో పొర పోయడానికి కంకర దింపారు. ఇప్పటికే రోడ్డు మా వాకిలి కంటే జానెడు ఎత్తుంది. కొత్త మ్యాన్‌హోల్ మూత అంతకు నాలుగు అంగుళాలు పైన నిలబడి ఉంది కనుక, రోడ్డును ఆ మూత ఎత్తుకు పెంచితే వాన నీరు నేరుగా మా సంపులోకి దిగుతుందేమోనని భయంగా ఉంది. మా ఇంటి పైపును కలిపిన చోట వాలు చూసుకునేలోపే గుంత పూడ్చేశారు (మేస్త్రీ ‘ఏం కాదండీ’ అని నవ్వేశారు). సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేసే, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు పౌరులకు ఉంది. అయితే జవాబుకు 30 రోజుల గడువు ఉండగా, కాంక్రీటు వారంలోనే పోసేలా ఉన్నారు. ఈలోగా అంచనా పత్రం, రోడ్డు లెవెళ్లు చూపమని ఎవరిని, ఎలా అడగాలి? మురుగు వెనక్కి తన్నకుండా ఇంటి చాంబరులో నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించుకున్నవారు తమ అనుభవం తెలియజేయగలరా?