నాలుగు లక్షల మైకు సెట్టు మా అమ్మ వీణకు అవసరమా?

వైణిక_విజయనగరం:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 81 ఏళ్ళు. ఇప్పటికీ తెల్లవారుజామున స్నానం చేసి వీణ ముందు కూర్చుంటుంది. బొబ్బిలి ఏకాండి (ఒకే చెక్కలో తొలిచిన) వీణ, పనస చెక్కది, గొల్లపల్లిలో చేయించింది. శ్రుతి మూడు. ఆవిడ వాయించే కృతుల్లో కొన్నిటి పాఠం మా గురుపరంపరలో తప్ప వేరే చోట నేను వినలేదు. స్వరం రాసిన పుస్తకం లేదు, నాకు వాటిలో సగమే వచ్చు. చేయి బాగుండగానే అన్నీ రికార్డు చేసి దాచాలని నా తాపత్రయం.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. న్యూమన్ యూ 87 అనే స్టూడియో మైకు, దానికి తగ్గ ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), స్టాండ్లు, కేబుళ్ళు అన్నీ కలిపి లెక్కవేస్తే నాలుగు లక్షలు దాటింది. "డబ్బు నేను పెడతాను, అన్నిటికంటే మంచిది కొను" అంటున్నాడు. షాపులో అడిగినా అదే మాట. వాడి కష్టార్జితం కదా, ఊరికే ఖర్చు పెట్టించడానికి నాకు మనసు రావడం లేదు. అలాగని చవకది కొని అమ్మ వాయిద్యాన్ని పాడుచేయాలనీ లేదు.

నా శిష్యుడొకడు ఫోన్‌తో తీశాడు. మీటు టకటకలాడుతోంది, అనుమంద్రం (అన్నిటికంటే కింది స్థాయి) తీగ అసలు వినపడదు. మాకున్నది మేడ మీద గది: 12 అడుగుల పొడవు, 10 వెడల్పు, ఎత్తు కూడా 10. ఒక పక్క రోడ్డు. ఫ్యాన్ లేకపోతే అమ్మ ఎక్కువసేపు కూర్చోలేదు. ఇంత డబ్బు పెడితే తేడా నిజంగా వినిపిస్తుందా? ఈ పని చేసినవాళ్ళు చెప్పండి.

కథలు_చదువుతా:

అక్కా, నేను ఆడియోబుక్స్ చదువుతాను. రోడ్ ఎన్‌టీ1 మైకు, ఫోకస్‌రైట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్, రెండూ కలిపి యాభై వేల లోపే. ఆడియోబుక్ కంపెనీలు వెనక ఉండే రొద మైనస్ 60 డెసిబెల్స్ కంటే తక్కువ ఉండాలంటాయి. ఈ సెట్టుతో అది హాయిగా వస్తుంది, నా చుట్టూ మందపాటి బొంతలు వేలాడదీశాను కాబట్టి. మైకు మార్చినప్పటికంటే బొంతలు కట్టాకే ఎక్కువ తేడా కనిపించింది. 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకంటే కింది నాదాన్ని కోసేసే ఫిల్టరు) పెట్టుకుంటే రోడ్డు మీద లారీల గుడగుడ కూడా పోతుంది.

తీగనాదం:

అమ్మా, నేను మొదట చెన్నైలో, తర్వాత హైదరాబాదులో పాటల రికార్డింగుల్లో పనిచేశాను. ఇప్పుడు విశాఖలో ఉంటున్నాను. యూ 87 ముందు చాలా గొంతుల్ని, చాలా వాయిద్యాల్ని కూర్చోబెట్టాను. ఆ మైకంటే నాకు గౌరవం. అయినా మీ గదికి వద్దంటున్నాను.

అది 1967లో వచ్చింది, ఇప్పుడు అమ్ముతున్న 'యూ 87 ఏఐ' అనే మోడల్ 1986 నాటిది. ఇన్నేళ్ళుగా స్టూడియోలు దాన్ని వదలకపోవడానికి కారణాలున్నాయి. ఏ గొంతు పెట్టినా మిక్సులో ఇమిడిపోతుంది. కొత్తగా వచ్చిన ఇంజనీరుకైనా దాని స్వభావం ముందే తెలుసు. పాడైతే బాగుచేసేవాళ్ళున్నారు, అమ్మితే మంచి ధర వస్తుంది. రోజంతా సెషన్లు నడిచే స్టూడియోకు ఇవి డబ్బు తెచ్చిపెట్టే గుణాలు. ఇంట్లో ఒక్క వీణ, ఒక్క మనిషి ఉన్న చోట వీటితో పనేముంది?

ఇక రొద సంగతి. వీణకు ఇది చాలా ముఖ్యం. మీకు తెలియంది కాదు, మీటు పడ్డాక తీగను లాగి పలికించే గమకమంతా నాదం తగ్గిపోతున్నప్పుడే వస్తుంది. ఒక్క మీటు మీద నాలుగైదు స్వరాలు పలికిస్తే చివరి స్వరం ఎంత సన్నగా ఉంటుందో చూడండి. రొద మింగేసేది సరిగ్గా దాన్నే. ప్రతి కండెన్సర్ మైకూ (స్టూడియోల్లో ఎక్కువగా వాడే రకం) తనంతట తాను కొంచెం 'స్స్' మంటుంది. యూ 87 ఏఐకి కార్డియాయిడ్‌లో (ముందువైపు ధ్వనినే ఎక్కువగా పట్టే పద్ధతిలో) ఆ అంకె 12 డెసిబెల్స్. పైన ఆడియోబుక్స్ తమ్ముడు చెప్పిన రోడ్ ఎన్‌టీ1కి 5 లోపే. ధరలో పదోవంతు కూడా లేని మైకు ఈ ఒక్క విషయంలో దానికంటే నిశ్శబ్దంగా ఉంటుంది. ఫ్యాన్ ఆపేసిన గది అర్ధరాత్రి కూడా 25, 30 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది కాబట్టి, అసలు శత్రువు గదే.

మీరు కొలతలు చెప్పడం మంచిదైంది. పది అడుగుల ఎడంతో రెండు గోడలు ఎదురెదురుగా ఉంటే సుమారు 57 హెర్ట్జ్ దగ్గర గది తనే మోగుతుంది. మీకు వెడల్పూ పదే, ఎత్తూ పదే, అంటే రెండు మోతలు ఒకే చోట పడ్డాయి. మూడు శ్రుతిలో మంద్ర షడ్జమం 82 హెర్ట్జ్, అనుమంద్ర పంచమం 62 దగ్గర. ఆ మోతకు ఇది ఆనుకునే ఉంది. గోడవారగా కూర్చుని వాయిస్తే అనుమంద్రం ఉబ్బిపోయి బొంయ్ మంటుంది. మూడు లక్షల మైకు పెడితే ఆ ఉబ్బును ఇంకా శుభ్రంగా పట్టి ఇస్తుంది, అంతే. బొంతలు, రాక్‌వూల్ పలకలు పై స్థాయి ప్రతిధ్వనిని తాగుతాయి కానీ ఇంత కింది నాదాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. దానికి తేలికైన మందు, కూర్చునే చోటు మార్చడం. గోడలకు, మూలలకు దూరంగా జరిగి, నాలుగైదు చోట్ల అనుమంద్రం మీటి చూడండి. ఎక్కడ మిగతా తీగలతో సమంగా వినిపిస్తే అక్కడ చాప వేయండి.

అందుకే ఆ 80 హెర్ట్జ్ లో కట్ మాత్రం వద్దు. ఆడియోబుక్స్ తమ్ముడు చెప్పింది గొంతుకు సరే. వీణకు పెడితే అనుమంద్రం తీగకు ఆధారమే పోతుంది. మీ ఫోన్‌లో జరిగిందీ దాదాపు ఇదే. ఫోన్లు మాటల కోసం కింది నాదాన్ని కోసేస్తాయి, ఆగకుండా మోగే ధ్వనిని రొద అనుకుని తగ్గిస్తాయి. తాళం తీగల కార్వె (సాగే నాదం), గమకం తోక అన్నీ దానికి రొద కిందే లెక్క.

మైకు పెట్టే చోటు. గోరు తీగను తాకే చోటుకు గురిపెడితే టకటక తప్ప ఏమీ రాదు. కుండకు ముందువైపు, కొంచెం ఎత్తులో, రెండడుగుల దూరంలో పెట్టి, గుర్రానికీ (తీగలు ఆనే బ్రిడ్జికీ) కుండ అంచుకూ మధ్యకు వంచండి. దూరం సగానికి తగ్గిస్తే వీణ ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ లాభానికి పైసా ఖర్చు లేదు. మరీ దగ్గరికి, అడుగు లోపలికి వెళ్తే ఎడమ చేయి మెట్ల మీద జారే చప్పుడు పెరుగుతుంది, కింది స్వరాలూ లావెక్కుతాయి.

డబ్బు ఖర్చు పెట్టాల్సింది ముందు వీణ మీద. కొత్త తీగలు వేయించండి. మైనం కరిగి మెట్లు కదిలి ఉంటే గొల్లపల్లి వాళ్ళను పిలిపించి సరిచేయించండి. అపస్వరం పలికే ఒక్క మెట్టును ఏ యంత్రమూ దిద్దలేదు. మీ ఊళ్ళోనే మహారాజా సంగీత కళాశాలలో పనిచేసిన వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం ప్లేట్లు వినే ఉంటారు. మూడు నాలుగు నిమిషాల్లో ముగించాలి, పైన గరగర, పై స్థాయి స్వరాల మెరుపు సగం పోయింది. అయినా కమాను ఎక్కడ నొక్కారో, ఎక్కడ వదిలారో తెలుస్తూనే ఉంటుంది. మీ దగ్గర ఇవాళ పాతిక వేలకు దొరికే మైకు ఆ రోజుల్లో ఏ కంపెనీ దగ్గరా లేదు.

జముకు_మోత:

సార్ చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క చోట అడ్డొస్తాను. నేను శ్రీకాకుళం వైపు ఊళ్ళలో జముకుల కథలు (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథలు) రికార్డు చేస్తుంటాను. మన తీరంలో గాలి ఎంత చెమ్మో తెలుసు కదా. మామూలు కండెన్సర్ మైకులో చెమ్మ చేరితే చిటపటలు మొదలవుతాయి. సెన్‌హైజర్ ఎంకేహెచ్ రకం మైకులు రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతిలో పనిచేస్తాయి, చెమ్మకు బాగా తట్టుకుంటాయి. ఖరీదు ఎక్కువే. కానీ పెద్దాయన కథ మధ్యలో ఉండగా మైకు చిటపటలాడితే "మళ్ళీ మొదలెట్టు తాతా" అని ఎలా అంటాం? అలాగే 32 బిట్ ఫ్లోట్ రికార్డరు. జముకు మోత ఒక్కసారిగా లేచినా రికార్డరు వైపు ధ్వని చీలిపోదు, తర్వాత తగ్గించుకోవచ్చు. మళ్ళీ రాని దాన్ని పట్టుకునేటప్పుడు ఖరీదైన సామానుకు అర్థం ఉంది. అక్క వాళ్ళ అమ్మగారి విషయమూ అలాంటిదే.

తీగనాదం:

నిజమే బాబూ, ఆరుబయట తిరిగేవాళ్ళకు ఆ ఖర్చు న్యాయమే. నేను కాదనను. ఇంట్లో అయితే మైకును గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచి, వాడే ముందు తీస్తే చాలు. ఇక వీణకు ఎగుడుదిగుళ్ళు తక్కువ. 24 బిట్‌లో అన్నిటికంటే గట్టి మీటు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (రికార్డింగు స్థాయి) పెడితే చీలిపోయే భయం లేదు.

వైణిక_విజయనగరం:

అందరికీ చాలా థ్యాంక్స్. మీరు రాసింది చదివి ఇవాళ అమ్మను గది మధ్యకు జరిపి వాయించమన్నాను. అనుమంద్రం తేడా నా చెవికే తెలిసింది, అమ్మ కూడా "ఇక్కడ బాగుందే" అంది. తమ్ముడికి ఈ మాటలన్నీ పంపాను. వాడు ఒప్పుకున్నాడు కానీ, "మిగిలిన డబ్బుతో ఇంకా ఏం చేయొచ్చో అడుగు" అంటున్నాడు. సార్, ఫ్యాన్ సంగతి ఏం చేయను? ఒక మైకు చాలా, రెండు కావాలా?

తీగనాదం:

అమ్మా, ఒకే రకం మైకులు రెండు కొనండి, డబ్బు మిగులుతుంది కాబట్టి చెబుతున్నాను. ఒకటి కుండ వైపు, ఒకటి దండి (మెట్లుండే పొడవాటి భాగం) వైపు. ఒకటి మొరాయించినా రెండోది పనిచేస్తూ ఉంటుంది, అమ్మగారి చేత మళ్ళీ వాయించనక్కర్లేదు.

ఫ్యాన్‌కు అడ్డదారి లేదు. సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాన్ రొద తీసేయొచ్చని చాలామంది చెబుతారు. తీసేటప్పుడు దానితోపాటు గమకం చివర కూడా పోతుంది, వీణ నీళ్ళలో మునిగి మోగుతున్నట్టు ఉంటుంది. ఆవిడ ఎలాగూ తెల్లవారుజామునే కూర్చుంటారంటున్నారు, ఆటోలు మొదలవక ముందే పెట్టుకోండి. ముందే గదిని చల్లబరచి, కృతి మొదలయ్యే ముందు ఫ్యాన్ ఆపండి. ముగియగానే వేసి, మంచినీళ్ళిచ్చి, ఆవిడ సేదదీరాకే రెండోది. రోజుకు ఒక్క కృతి వచ్చినా చాలు. లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి, కరెంటు హమ్ 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర వచ్చి మంద్రంలో కలుస్తుంది.

ప్రతి కృతికీ ముందు రాగం, తాళం, ఎవరి పాఠమో అమ్మగారి గొంతుతోనే చెప్పించండి. వాయించడం అయ్యాక వెంటనే ఆపకండి. పెద్దవాళ్ళు వీణ దించాక "మా గురువుగారు ఈ సంగతి ఇలా కాదు, అలా వేసేవారు" అని అంటారే, అది మైకులో పడాలి.

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు, 192 అక్కర్లేదు. రెండు ఛానెళ్ళకు గంటకు ఒక జీబీ దాకా అవుతుంది. మిగిలిన డబ్బులో కొంత హార్డ్ డిస్కులకు పెట్టండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఊళ్ళోనే వేరే ఇంట్లో, ఒకటి డాలస్‌లో.

సామాను వచ్చాక ఒక చిన్న ముక్క తీసి ఇక్కడ పెట్టండి. నాలుగు తీగలూ ఒక్కొక్కటిగా మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా వదిలేయండి. మధ్యలో మాట్లాడొద్దు. అది వింటే మైకు ఎటు జరపాలో చెప్పగలను.