ఉత్తరాంధ్ర ఉక్కపోతలో కీటకాహార మొక్కలు పెంచగలమా?

కోటజంక్షన్ (విజయనగరం):
మా డాబా మీద మందారాలతో పాటు ఒక కీటకాహార మొక్కను పెంచాలని చాలాకాలంగా కోరిక. ఆన్‌లైన్‌లో వీనస్ ఫ్లైట్రాప్ దొరుకుతోంది గాని, మన ఎండలకు అది నిలుస్తుందా అన్నదే సందేహం. మాకున్నవి బోరు నీళ్లు. కాస్తే గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. పెంచినవారు తమ అనుభవం చెప్పగలరు.

నాగావళిగట్టు (శ్రీకాకుళం):
ముందుగా నీళ్ల సంగతి తేల్చుకోండి. ఈ మొక్కలు సారం లేని చిత్తడి నేలల్లో పుట్టి, నత్రజని, భాస్వరం వంటివాటిని పురుగుల నుంచి రాబట్టుకోవడానికి అలవాటుపడినవి కనుక, వాటి వేళ్లు లవణాలను తట్టుకోలేవు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు 50 దాటని నీళ్లు మేలు. మీ బోరు నీళ్లు పనికిరావు. నేను వానాకాలంలో మేడ నీటిని మూత ఉన్న డ్రమ్ములో పట్టి ఉంచుతాను. వేసవిలో ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు, అవీ చాలకపోతే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ వాడతాను (ఆసిడ్ కలిపినది కాదని అడిగి తీసుకోవాలి). మట్టికి బదులు పీట్‌మాస్ (చిత్తడి నేలల్లో నాచు చివికి ఏర్పడే పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) సమపాళ్లలో కలపండి. పశువుల గత్తం, వర్మీకంపోస్టు దరిచేరనివ్వకండి.

ఇక ఫ్లైట్రాప్ సొంత ఊరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాలు. అక్కడి చలికాలంలో అది కొన్ని నెలలు నిద్రావస్థలోకి పోతుంది. ఆ చలి మన దగ్గర లేదు కనుక ఏడాదికేడాది నీరసించిపోతుంది. కొందరు దానిని ఫ్రిజ్జులో పెట్టి నిద్రపుచ్చుతారు. నాకది మొక్కను పెంచడంలా కాక కూరగాయలను నిల్వ చేయడంలా తోస్తుంది.

జీడితోట (పలాస):
నాగావళిగట్టు గారి మాటే నాదీ. మీరు నెపెంథిస్‌తో, అంటే కూజా మొక్కతో, మొదలుపెట్టండి. వెంట్రాటా అనే సంకరజాతి మొండిది. సముద్రపు తేమ దానికి సరిపడుతుంది. ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట మా వరండాలో వేలాడదీశాను. ఆకు కొసనుంచి సాగిన తీగ చివర మొదట చిన్న మొగ్గలా ఉబ్బుతుంది. అది పెరిగి కూజా అయి, మూత విడకముందే లోపల ద్రవం ఊరి ఉంటుంది. అంచు మీది తేనెకు ఆశపడి వచ్చిన చీమ, అంచు తడిగా ఉన్ననాడు కాలు నిలవక లోపలికి జారిపోతుంది. మే నెలలో పొడి పడమటి గాలి తోలితే కొత్త కూజాలు కట్టవు. అప్పుడు ఎరువు వేయకుండా తొలకరి దాకా ఓపిక పట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ చూసినప్పటి నుంచి, తుఫాను హెచ్చరిక వినగానే కుండీలన్నీ లోపలికి దించేస్తున్నాను.

మేఘాలయలో సహజంగా పెరిగే ఖాసియానా అనే కూజా మొక్క దొరికినా, అది నర్సరీలో పెంచినదేనని రుజువు లేనిదే కొనవద్దు. అడవిలో అది అంతరించే స్థితిలో ఉంది.

పాతమాస్టారు (చీపురుపల్లి):
మన నేల మీదే పెరిగే డ్రోసెరా బర్మానీ అనే కీటకాహార మొక్కను ఎవరూ తలచుకోలేదు. రూపాయి బిళ్లంత గుండ్రంగా నేలకు అంటుకుని, ఎండ తగిలితే ఎర్రబడుతుంది. ఆకుల మీది వెంట్రుకల కొసల్లో జిగురు బొట్లు మెరుస్తుంటాయి. పురుగు అంటుకుంటే అంచు వెంట్రుకలు క్షణాల్లో లోపలికి వంగుతాయి. సాధారణంగా ఏడాది లోపే దాని ఆయువు తీరుతుంది గాని, తనంతట తానే విత్తనాలు కడుతుంది. ధూళిలాంటి ఆ విత్తనాలను తడి పీట్ మీద చల్లితే చాలు, పైన మట్టి కప్పకూడదు. పొలాల్లో కనిపించినా పెరికి తేకండి. పెంచేవారిని అడిగి విత్తనం తెచ్చుకోండి. నీలిరంగు ఫ్లైట్రాప్ విత్తనాలన్న ప్రకటనలైతే శుద్ధ మోసం.

కోటజంక్షన్ (విజయనగరం):
వెంట్రాటాయే తెప్పిస్తాను. దీనివల్ల ఇంట్లో దోమలు తగ్గుతాయా?

నాగావళిగట్టు (శ్రీకాకుళం):
తగ్గవు. డ్రోసెరా కుండీల కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచితే పెరిగే ప్రమాదం కూడా ఉంది. వేలు మందం మాత్రమే పోసి, అది పూర్తిగా ఇంకాక ఒక పూట ఆగి మళ్లీ పోయండి. వారానికొకసారి పళ్లెం తోమండి. మీ వెంట్రాటాకు పళ్లెమే అక్కరలేదు, పైనుంచి పోసిన నీళ్లు కిందికి జారిపోవాలి.