క్రేన్‌కి అప్ నొక్కితే హుక్ దిగుతోంది. పెండెంట్‌లో వైర్లు మార్చేయొచ్చా?

ఆటోనగర్ షెడ్డు:
విశాఖ ఆటోనగర్‌లో మాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. 5 టన్నుల ఈఓటీ క్రేన్ (షెడ్డు పైన పట్టాల మీద కరెంటుతో నడిచేది), పెండెంట్‌తో, అంటే కిందకి వేలాడే బటన్ల పెట్టెతో నడుపుతాం. మొన్న వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది పెట్టారు. అప్పటినుంచి అప్ నొక్కితే హుక్ దిగుతోంది, డౌన్ నొక్కితే లేస్తోంది. మా ఆపరేటర్ "ఏముంది సార్, రివర్స్‌లో నొక్కుతా" అంటూ రెండు రోజులుగా లాగించేస్తున్నాడు. పెండెంట్ విప్పి రెండు వైర్లు మార్చేస్తే పోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. శుక్రవారానికి గిర్డర్లు లారీ ఎక్కాలి. టెస్ట్ సర్టిఫికెట్ కూడా మార్చిలోనే తీసుకున్నాం.

పాత ఫిట్టర్:
తమ్ముడూ, ముందు మెయిన్ ఆపి తాళం వేసిరా. ఎల్‌టీ (క్రేన్ షెడ్డు పొడవునా పోవడం), సీటీ (అడ్డంగా పోవడం) కూడా రివర్స్‌లో పోతున్నాయా, హుక్ ఒక్కటేనా?

ఆటోనగర్ షెడ్డు:
ఆపేశానన్నా. అన్నీ రివర్సే.

పాత ఫిట్టర్:
అయితే సప్లైలోనే ఫేజులు తారుమారయ్యాయి. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన రోజు బోరు మోటారు రివర్స్ తిరిగి నీళ్లు సరిగా ఎక్కవు చూడు, అదే. అక్కడ మడి ఎండుతుంది, ఇక్కడ హుక్ మరీ పైకి పోకుండా ఆపే లిమిట్ స్విచ్ ఉండీ లేనట్టే. పై లిమిట్ ఆపేది అప్ కాంటాక్టర్‌ని, అంటే అప్ నొక్కితే మోటారుకి కరెంటిచ్చే స్విచ్‌ని. ఇప్పుడు మీ హుక్‌ని లేపుతున్నది డౌన్ కాంటాక్టర్. లిమిట్ తగిలినా అది ఆగదు. హుక్ బ్లాక్ పోయి రోప్ చుట్టుకునే డ్రమ్ముకి గుద్దుకుంటుంది, రోప్ తెగుతుంది.

పెండెంట్‌లో మారిస్తే ఇంకా ప్రమాదం. బటన్లు చక్కగా పనిచేస్తుంటే లిమిట్ లేదన్న సంగతి ఎవడికి తెలుస్తుంది? నేను పనిచేసిన ఒక చోట రీవైండింగ్ నుంచి వచ్చిన మోటారు రివర్స్ తిరిగితే ఇలాగే పెండెంట్‌లో మార్చారు. నాలుగో నెలలో, నైట్ షిఫ్టు. రోప్ తెగి పడింది ఖాళీ హుక్కే, కానీ 10 టన్నుల క్రేన్, బ్లాకే వంద కిలోల పైమాట. కింద మనిషి టీకి వెళ్లాడు కాబట్టి బతికాడు. ఫ్లోర్‌లో పడ్డ గుంట నేను మానేసేదాకా అలాగే ఉంది.

ఇన్‌కమర్ దగ్గర, అంటే క్రేన్‌కి మెయిన్ సప్లై వచ్చే చోట, ఏవైనా రెండు ఫేజులు మార్చించు. హుక్ ఒక్కటే రివర్స్ అయ్యుంటే ఆ మోటారు టెర్మినల్ దగ్గర మార్చాల్సింది. తర్వాత ఖాళీ హుక్కుతో, కింద ఎవరూ లేకుండా, ఇంచింగ్‌లో (కొంచెం కొంచెం నొక్కి వదులుతూ) పైకి పోనిచ్చి లిమిట్ చూడు. సర్టిఫికెట్ సంగతంటావా, 12 నెలలకోసారి పరీక్ష చేయించాలని పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 29 చెప్పేది, సరే. మీ ట్రాన్స్‌ఫార్మర్ కాలింది మార్చి నెల తర్వాతే కదా!

జీడిమెట్ల వైర్‌మన్:
మా హాయిస్టుకి (హుక్‌ని లేపే దానికి) వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగం మార్చే డ్రైవ్ ఉంది, సప్లై ఫేజులు మారినా మోటారు తిరిగే వైపు మారదు. డ్రైవ్ కరెంటుని డీసీ చేసి ఫేజులు మళ్లీ తనే తయారుచేస్తుంది. కాంటాక్టర్ క్రేన్లకి ఆ సుఖం లేదు. ఫేజ్ సీక్వెన్స్ రిలే పెట్టించండి సార్, ఫేజులు మారితే క్రేన్ అసలు ఆన్ కాదు.

ఆటోనగర్ షెడ్డు:
ఇన్‌కమర్‌లో ఎల్లో, బ్లూ మార్చాం, అన్నీ సరిగ్గా తిరుగుతున్నాయి. కానీ అన్నా, ఇంచింగ్‌లో చూస్తే లిమిట్ తగిలాక కూడా హుక్ ఆగలేదు, భయమేసి బటన్ వదిలేశాను. పైకెక్కి చూస్తే ఉప్పుగాలికి లీవరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఎన్నాళ్లుగా అలా ఉందో. కొత్త స్విచ్, రిలే రెండూ ఆర్డర్ పెట్టాను. గిర్డర్లు సోమవారమే అని ఓనర్‌కి ఫోన్ చేయాలి ఇప్పుడు.