రేకు బిళ్ళల పాపం ఎవరిది: హైన్‌రిష్ డ్రాషేదా, ఆయన తర్వాతి కంపెనీదా?

పునాదిరాయి:
వియన్నాలో పాత గోడ ఏది కూల్చినా కొన్ని ఇటుకల మీద ‘హెచ్.డి.’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. అంటే హైన్‌రిష్ డ్రాషే (1811–1880). వీనర్‌బెర్గ్ గుట్ట మీద 1819లో ఇటుకల వ్యాపారం మొదలుపెట్టిన అలోయిస్ మీస్‌బాఖ్‌కు మేనల్లుడు. 1857లో మీస్‌బాఖ్ పోయాడు, వ్యాపారం డ్రాషే చేతికొచ్చింది. నగరం చుట్టూ ఉన్న కోటగోడలు పడగొట్టమని చక్రవర్తి ఆజ్ఞ వేసిందీ ఆ ఏడాదే. ఆ గోడల స్థలంలో రింగ్‌స్ట్రాసె అనే వలయాకారపు పెద్ద వీధి లేచింది. దానికి కావలసిన ఇటుక పెద్ద ఎత్తున ఈయన బట్టీల నుంచే వెళ్ళింది.

1888లో విక్టర్ ఆడ్లర్ అనే డాక్టరు ఆ బట్టీల్లోకి రహస్యంగా వెళ్ళి చూసి తన పత్రికలో రాశాడు. కూలి డబ్బుగా కాకుండా రేకు బిళ్ళల్లో ఇచ్చేవారు. అవి బట్టీలోని క్యాంటీన్లలో తప్ప ఎక్కడా చెల్లవు. ఒక్కో గదిలో పదుల మంది పడుకునేవారు. ఇప్పుడు డ్రాషే పేరెత్తితే చాలు, ముందు ఈ బిళ్ళల మాటే వస్తోంది. నాకిది అన్యాయం అనిపిస్తుంది. వ్యాపారం వీనర్‌బెర్గర్ అనే వాటాల కంపెనీ అయింది 1869లో. ఆయన చనిపోయింది 1880లో. ఎనిమిదేళ్ళ తర్వాత జరిగినదానికి ఆయన్నెలా బాధ్యుణ్ణి చేస్తాం? పనివాళ్ళకు ఇళ్ళు, ఆసుపత్రి, పిల్లలను చూసుకునే చోటు ఏర్పాటు చేసిన మంచి యజమాని ఆయన.

వియన్నాలో ఉంటున్నా:
పునాదిరాయి గారూ, నేనుండేది ఆ బట్టీలున్న ఫావొరిటెన్ పేటలోనే. మట్టి తవ్విన గోతులు ఇప్పుడు వీనర్‌బెర్గ్ చెరువయ్యాయి, సాయంత్రాలు అక్కడే నడుస్తాను. తారీఖుల లెక్క మీరు చెప్పింది సరే. కానీ ఇల్లు, ఆసుపత్రి అన్నారు చూశారా, నా అభ్యంతరం అక్కడే. బొహీమియా, మొరావియాల నుంచి వచ్చిన చెక్ కుటుంబాలవి. జర్మన్ అంతంతమాత్రం. పని, ఇల్లు, వైద్యం మూడూ ఒక్కడి చేతిలో ఉన్నాయి. మేస్త్రీతో మాట పడితే ఉద్యోగంతో పాటు తల మీద కప్పూ పోతుంది. ఆ ఏర్పాటు డ్రాషే కాలానిదే.

బట్టీ లెక్కలు:
పై మాటకు నా వైపు నుంచి కొంచెం కలుపుతాను. మా నాన్న పెద్దపల్లి వైపు ఒక ఇటుక బట్టీలో గుమాస్తా. ఒడిశాలోని బొలంగీర్ నుంచి కుటుంబాలు దీపావళి దాటాక దిగేవి, వానలకు ముందు వెళ్ళేవి. ఊళ్ళోనే సర్దారు, అంటే కూలీలను కుదిర్చే మధ్యవర్తి, చేతుల మీదుగా అడ్వాన్సు ముట్టేది. వారం వారం ఖర్చీ, నూకలు ఇచ్చేవారు. ఎన్ని ఇటుకలు కోసినా లెక్క తేలేది సీజను చివర్లోనే. ఆ పుస్తకం రాసింది మా నాన్న. ఓనరు చెడ్డవాడేం కాదు, జ్వరమొస్తే తన బండిలోనే ఆసుపత్రికి పంపేవాడు. అయినా ఒక్క కుటుంబం మధ్యలో వెళ్ళిపోతానంటే ఒప్పుకునేవాడు కాదు. అందుకే యజమాని గుణం చూసి తీర్పు చెప్పడం నా వల్ల కాదు. చేతికి డబ్బు ఎప్పుడొస్తుంది, ఏ రూపంలో వస్తుంది, నేను చూసేది అదే.

పునాదిరాయి:
మీ నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా ఒకటి అడుగుతాను. వేల మంది ఒక్కసారిగా పొలాల మధ్యకు వచ్చి దిగినప్పుడు ఇళ్ళు డ్రాషే కాక ఎవరు కట్టేవారు? పైగా కూలిని డబ్బుగానే ఇవ్వాలని ఆస్ట్రియాలో 1885లో చట్టం వచ్చింది. అంటే 1888 నాటి బిళ్ళలు చట్టానికి విరుద్ధం. ఆ తప్పు పూర్తిగా కంపెనీదే, వాటాదారులకు లాభాలు పంచిన వాళ్ళది.

వియన్నాలో ఉంటున్నా:
అదే చట్టాన్ని ఇటు నుంచి చూడండి. 1885కు ముందు బిళ్ళల్లో కూలి ఇవ్వడం నేరం కాదు. నేరం కానిదాన్ని ఎవరు దర్యాప్తు చేస్తారు, ఎవరు రాస్తారు? డ్రాషే కాలం మీద ఆడ్లర్ లాంటివాడి రాత లేదంటే, అప్పుడంతా బాగుందని అర్థం కాదు.

తాపీమేస్త్రీ బిడ్డ:
ఇద్దరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజినీర్‌ని. కర్ణాటకలోని కునిగల్‌లో అదే వీనర్‌బెర్గర్ కంపెనీ చేసే బోలు ఇటుకలు ఒక అపార్ట్‌మెంటుకు వాడాం, ఆ పేరు పట్టుకునే ఈ చరిత్ర చదివాను. డ్రాషే పనితనాన్ని తక్కువ చేయకండి. 1858లో హాఫ్‌మన్ అనే జర్మన్ ఇంజినీరు పేటెంటు తీసుకున్న గుండ్రటి బట్టీని ఆయన తన దగ్గర పెట్టించాడు. అందులో నిప్పు ఆరదు, అది గది నుంచి గదికి నడుస్తుంది. చల్లారుతున్న ఇటుకల మీదుగా వచ్చే గాలి వేడెక్కి మంటకు అందుతుంది. మంట వదిలిన వేడి ముందున్న పచ్చి ఇటుకలను ఆరబెడుతుంది. బొగ్గు బోలెడు మిగులుతుంది. మన దగ్గరి చిమ్నీ బట్టీలు కూడా ఆ ఆలోచన నుంచి పుట్టినవే.

కానీ నిప్పు ఆరని బట్టీకి పచ్చి ఇటుక ఆగకుండా అందాలి. ఇటుక కోసేది మాత్రం చేతులతోనే. ఆడ్లర్ రాసినదాంట్లో నన్ను వదలనిది ఒక్కటే: యాభై మంది పడుకున్న గదిలో ఒకామె ప్రసవించింది. ఆడవాళ్ళం ఇది చదివాక తారీఖుల దగ్గర ఆగిపోలేం. పునాదిరాయి గారూ, 1869లో వ్యాపారాన్ని వాటాల కంపెనీగా మార్చిందెవరు? డ్రాషేనే కదా. చేతులు మారేటప్పుడు ఆ పనివాళ్ళకు ఏ హామీ అడిగాడో చెప్పండి.

పునాదిరాయి:
ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదమ్మా. కంపెనీగా మార్చింది ఆయనే, ఒప్పుకుంటున్నాను. 1888 రాత ఆయన మీద నేరారోపణ కాదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. కాకపోతే ‘మంచి యజమాని’ అని మొదట్లో తేలిగ్గా అనేశాను, అది తొందరపాటు.

బట్టీ లెక్కలు:
వియన్నా అన్నా, అక్కడ ఇటుకల మ్యూజియం ఒకటి ఉందట కదా. వెళ్తే ఒక పని చేయండి. హెచ్.డి. ఇటుకల పక్కన రేకు బిళ్ళ ఒకటైనా పెట్టారేమో చూడండి.

వియన్నాలో ఉంటున్నా:
తప్పకుండా తమ్ముడూ. ఈ నెలలోనే వెళ్తాను. ఉన్నా లేకపోయినా ఇక్కడే రాస్తాను.