చర్చ: ఊళ్లో ఇంటి ప్రహరీ వెంబడి గన్నేరు పెట్టవచ్చునా?

కంచెపూలు:
అనంతపురానికి దగ్గరలో మా నాన్నగారు కట్టించిన ఇల్లు ఉంది. ఆయన పోయాక తాళం వేసి ఉంచాము. నేను హైదరాబాదు నుంచి నెలకొకసారి వెళ్లి రెండు రోజులుండి వస్తాను. ప్రహరీ వెంబడి నలభై అడుగుల నేల ఖాళీగా ఉంది. నీళ్లు పోసేవారు లేకపోయినా బతికి, ఏడాదిలో ఎక్కువ నెలలు పూసే పొద వేయాలని ఉంది. నర్సరీలో అడిగితే గన్నేరు తప్ప మరో పేరు చెప్పలేదు. మా వదిన మాత్రం అది విషపు మొక్క, ఇంటి దగ్గర వద్దంటున్నారు. పెంచినవారు చెప్పగలరు.

సీమవాసిని:
సందేహించకుండా పెట్టండి. నేను పదిహేనేళ్లు గన్నేరు పెంచాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మన నేలలో, ఏప్రిల్ నాటికి మందారం ఆకు వాల్చేస్తే, గన్నేరు మే నెల ఎండలో గుత్తులు గుత్తులుగా పూస్తుంది. ఆకు తిప్పి భూతద్దంతో చూస్తే కారణం కనిపిస్తుంది. గాలి పీల్చే రంధ్రాలు పైకి తేలి ఉండవు, నూగు నిండిన సన్నని గుంటల్లో దాగి ఉంటాయి, కాబట్టి వడగాలి తేమను త్వరగా లాగలేదు. పొగను, దుమ్మును, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది, పశువులు మేయవు. జాతీయ రహదారుల నడుమ దీన్ని వరుసగా పెంచేది అందుకే.

వానలు మొదలవగానే పెన్సిలంత లావు కొమ్మను జానెడు పొడవున కోసి, కింది ఆకులు తీసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, నెల రోజులు తడి ఆరనివ్వకండి. మొదటి ఏడాది వారానికొక బిందె నీళ్లు పోస్తే తరువాత వానే చాలు. పూలు కొత్త చిగుళ్ల కొసలనే వస్తాయి కనుక ఒక విడత పూత ముగిశాక కొమ్మలను మూడోవంతు కత్తిరించాలి. చిగుళ్లకు పసుపుపచ్చని పేనుబంక పడితే గొట్టంతో నీళ్లు గట్టిగా కొడితే రాలిపోతుంది, మందు అక్కరలేదు.

పాడిరైతు:
మీ వదినగారి మాట వినండి. నాలుగేళ్ల క్రితం మా పక్కింటివారు పండక్కి వచ్చి, గోడ వెంబడి ఉన్న గన్నేరును కత్తిరించి, కొమ్మలను మా చొప్పవామి పక్కన పడేసి వెళ్లిపోయారు. పచ్చి ఆకు చేదు కాబట్టి పశువు మూతి పెట్టదన్న మాట నిజమే. కానీ ఎండినా విషం పోదు, చొప్పలో కలిస్తే పశువు గుర్తుపట్టలేదు. తొలిచూలు మీదున్న మా పెయ్య సాయంత్రం మేత మేసింది. రాత్రికి నోట నురగ వచ్చి, విరేచనాలై, కాళ్లు తడబడి కూలింది. పశువుల డాక్టరు గుండె లయ తప్పిందన్నారు. తెల్లవారకముందే పోయింది. గాడిలో మిగిలిన చొప్పను చేత్తో వెదికితే, సన్నగా పొడుగ్గా, నడిమి ఈనె తెల్లగా ఉన్న ఆకు ముక్కలు ఏడు దొరికాయి.

వృక్షశాస్త్రం:
పేరు తేల్చుకోకుండా వాదించడం సరికాదు. గులాబి, తెలుపు, ఎరుపు పూలు పూసేది గన్నేరు, అంటే కరవీరం. పసుపు రంగు గంటల్లాంటి పూలు, నొక్కినట్టున్న గుండ్రని కాయలు ఉండేది పచ్చ గన్నేరు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన వేరే మొక్క, పిల్లలు ఏరుకుని ఆడుకునే గింజలు దానివే. దేవగన్నేరు చెట్టు. బిళ్లగన్నేరు చిన్న మొక్క. పాడిరైతు గారు చూసినది వీటిలో ఏదో చెప్పాలి.

కొత్తమొలక:
బిళ్లగన్నేరు మా ఇంట్లో కుండీ నిండా ఉంది. దానితోనూ ప్రమాదమేనా?

వృక్షశాస్త్రం:
కుటుంబం ఒకటే, విషం వేరు. దాని నుంచి క్యాన్సరు మందులు తీస్తారు. తినకూడదు గాని, కుండీలో ఉంటే భయపడనక్కరలేదు.

పాడిరైతు:
అయ్యా, గులాబి పూల గన్నేరే. పచ్చ గన్నేరైనా గుండెనే పట్టుకుంటుందని మీకు తెలియనిది కాదు. పెయ్య పోయిన మాట వదిలి పూల రంగు అడుగుతున్నారు.

మారేడుదళం:
వినాయక చవితి నాడు ఇరవై ఒక్క పత్రులలో కరవీర పత్రం ఒకటి. దేవుడికి ఇచ్చే ఆకు ఇంట్లో వద్దంటే ఎలా?

వృక్షశాస్త్రం:
పూజకు పనికిరావడం, తినడానికి పనికిరావడం రెండు వేర్వేరు సంగతులు. కేరళలో దీన్ని అరళి అంటారు. అక్కడ 2024 మే నెలలో తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్యంలోను, ప్రసాదంలోను అరళి పువ్వు వాడకూడదని నిర్ణయించింది, ఇతర పూజలకు అడ్డు చెప్పలేదు.

సీమవాసిని:
పాడిరైతు గారి బాధ అర్థమైంది. అయితే కొమ్మలు పడేసిన మనిషి నిర్లక్ష్యాన్ని మొక్క మీద మోపుతున్నారు. కత్తిరించిన ఆకును తగలబెట్టకూడదు, ఆ పొగ కూడా మంచిది కాదు. లోతుగా గొయ్యి తీసి పూడ్చాలి, చేతులు కడుక్కోవాలి. నేను పదిహేనేళ్లూ అలాగే చేశాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాటకొస్తే, చొప్పను గాడిలో వేసే ముందు దులిపి చూసుకోవలసినది ఎవరు?

పాడిరైతు:
తప్పు నాదే అంటున్నారన్నమాట. ఆ ఇంటివారు ఇప్పటికీ వచ్చి ఒక్క మాట అనలేదు, ఇప్పుడు మీరు తీర్పు చెబుతున్నారు. ఒకటి అడుగుతాను. రెండుసార్లూ మీరు ‘పెంచాను’, ‘చేశాను’ అన్నారే గాని ‘పెంచుతున్నాను’ అనలేదు. అంత మంచి మొక్క ఇప్పుడు మీ పెరట్లో ఎందుకు లేదు?

సీమవాసిని:
చెబుతాను. పోయిన వేసవిలో మా అబ్బాయి మనవరాలిని తీసుకుని నాలుగు రోజులకు వచ్చాడు. పిల్ల నోట్లో ఆకు పెట్టుకుంటుందేమోనని, నేను బజారుకు వెళ్లిన గంటలో మనిషిని పెట్టి ఐదు పొదలూ వేళ్లతో సహా తీయించాడు. పిల్ల మీద నాకు మాత్రం ప్రేమ లేదా? వస్తున్నామని ముందుగా చెబితే ఆ నాలుగు రోజులకు దడి కట్టించి ఉండేదాన్ని. ఆకుపచ్చని ఒంటి మీద నీలి కళ్లలాంటి రెండు మచ్చలున్న గొంగళిపురుగు ఏటా ఆ ఆకులు తినడానికి వచ్చేది, ఉదయం కాఫీ తాగుతూ దాన్ని చూసేదాన్ని. ఇప్పుడు అక్కడ సిమెంటు వేశారు. పెరడు రోజూ నీళ్లు పోసే మనిషిది. సెలవులకు వచ్చినవారు దాని సంగతి తేల్చడం అన్యాయం.

పాడిరైతు:
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే నేను అంత మాట అనేవాణ్ణి కాను. మీ పొదలను మిమ్మల్ని అడగకుండా తీయడం తప్పే. అయినా నా మాట మారదు. మీరు అక్కడే ఉండి చూసుకున్నారు, కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మా పక్కింటివారు మొక్క పెట్టి ఊరు విడిచారు. పెరడు నీళ్లు పోసే మనిషిదైతే, గోడకు అవతల బతికే మనిషిది కూడా. నీళ్లు పోయనక్కరలేని మొక్క అంటే చూసుకునే మనిషి అక్కడ లేడని అర్థం, నా భయమంతా దాని గురించే.

సీమవాసిని:
గోడ అవతలివారికి చెప్పి పెట్టమనండి, ఒప్పుకుంటాను. వారు వద్దంటే మొక్కే వద్దనడం మాత్రం ఒప్పుకోను.

కంచెపూలు:
మీ ఇద్దరి మాటలూ చదివి శనివారం ఊరు వెళ్లినప్పుడు మా గోడ అవతలి పిన్నిని అడిగాను. ఆమెకు రెండు గేదెలు, నాలుగు మేకలు ఉన్నాయి, మా ఇంటి తాళంచెవి కూడా ఆమె దగ్గరే ఉంటుంది. గన్నేరు అనగానే వద్దు నాయనా అన్నది. అందుకని నందివర్ధనం పది మొక్కలు చెప్పి వచ్చాను.

సీమవాసిని:
నందివర్ధనం గన్నేరంత మొండిది కాదు. ఆ గొంగళిపురుగు దాని మీదికీ వస్తుంది, వస్తే చంపకండి, ఆకు మళ్లీ వేస్తుంది. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లయినా నీళ్లు పడకపోతే మీ నేలలో పదిలో సగం కూడా మిగలవు. మీరు వెళ్లేది నెలకొకసారి. మొక్కలు తెచ్చే ముందు, ఆ నీళ్లు పోయగలదో లేదో పిన్నినే మరోసారి అడిగి రండి.