వైరు రాడ్ కాయిల్స్ మీద బరకం ప్రతిసారీ ఒకేచోట చిరుగుతోంది, ఎలా కట్టాలి?

గాజువాక ట్రైలర్ (ప్రశ్న)

కూర్మన్నపాలెం నుంచి హైదరాబాద్‌కి వైరు రాడ్ కాయిల్స్ (ఇనుప తీగ చుట్టలు) లోడు. 40 అడుగుల ట్రైలర్, బల్ల మీద పక్క డోర్లు లేవు. 14 కాయిల్స్, రెండు వరసలు, కాయిల్ కన్ను (నడిమి బొక్క) రోడ్డు పొడవునా చూసేలా. మొత్తం సుమారు 29 టన్నులు. పైన ఒకటే పీవీసీ బరకం (టార్పాలిన్): వెడల్పు 20, పొడవు 52 అడుగులు, 650 జీఎస్ఎం (చదరపు మీటరుకి 650 గ్రాములు). ముందు నుంచి రెండో జత దగ్గర, కుడి కాయిల్ భుజం (పై వంపు) మీద ప్రతి ట్రిప్పుకీ చిరుగుతోంది. ప్యాచ్ వేస్తే దాని పక్కనే మళ్లీ పోతోంది. ఇంకోటి, చిరగని చోట కూడా విప్పేసరికి కాయిల్స్ మీద ఎర్రగా తుప్పు. వానాకాలం ముదరకముందే సరిచేసుకోవాలి. పెద్దలు చెప్పండి.

లంకెలపాలెం అన్న

తమ్ముడూ, బరకం సంగతి తర్వాత. ముందు కాయిల్ కదులుతోందేమో చూడు. కాయిల్ కదిలితే ఎంత మంచి బరకమైనా చిరుగుతుంది.

నువ్వు పెట్టిన పద్ధతిలో కాయిల్ పక్కకి దొర్లుతుంది. బ్రేకు కొడితే ముందుకి జారుతుంది. గట్టి బ్రేకులో లోడు బరువులో 80 శాతం ముందుకి తోస్తుందని, మలుపులో 50 శాతం పక్కకి తోస్తుందని లెక్క కట్టి కడతారు. అంటే రెండు టన్నుల కాయిల్‌కి ముందుకి 1.6 టన్నులు, పక్కకి ఒక టన్ను. ఇనుప బల్ల మీద ఇనుము పెడితే రాపిడి ఆపేది బరువులో 10 నుంచి 20 శాతమే, తడిస్తే ఇంకా తక్కువ. కింద రబ్బరు మ్యాట్ వేస్తే 60 శాతం దాకా వస్తుంది. అందుకే బల్ల మీద ఇసుక, గ్రీసు ఊడ్చకుండా లోడు ఎక్కించుకోకు.

ప్రతి కాయిల్‌కీ రెండు పక్కలా చెక్క చీలలు (ఏటవాలు దిమ్మలు) దన్నుగా పెట్టి, అవి జరక్కుండా బల్లకి బిగించు. 50 మిల్లీమీటర్ల రాచెట్ బెల్టు (మీటతో బిగించేది) ఒకటి బల్ల ఎడమ అంచు పట్టీ నుంచి కన్నులోంచి కుడి పట్టీకి ఏటవాలుగా, ఇంకోటి కుడి నుంచి ఎడమకి. ఆపైన జతకి ఒక బెల్టు అడ్డంగా మీదుగా. గొలుసు వద్దు, వైరు మీద గాటు పడుతుంది, కొన్నవాడు వెనక్కి పంపేస్తాడు. బెల్టు మీద ఎల్‌సీ అని రాసున్న అంకె చూడు. 2500 డెకాన్యూటన్ అంటే తిన్నగా లాగితే రెండున్నర టన్నులకి పనికొస్తుందని. కాయిల్‌ని చుట్టిన ప్యాకింగ్ స్ట్రాప్‌కి ఎప్పుడూ హుక్కు తగిలించకు, అది లోడు పట్టడానికి వేసింది కాదు.

వైరు కాయిల్ అదురుకి కుదించుకుపోతుంది, బెల్టు వదులైపోతుంది. అనకాపల్లిలో ఒకసారి, తుని రాకముందు ఒకసారి దిగి బిగించు. సాలూరు ఘాట్ (కొండ దారి) లోడు పడితే ఘాట్ ఎక్కకముందు కూడా తప్పదు.

ఆటోనగర్ బరకాల పని

చిరుగుడు వానకి రాదు, రెపరెపకి వస్తుంది. వదులుగా ఉన్న బరకం గాలికి లేచి పడుతూ కాయిల్ భుజం మీద గంటల తరబడి రుద్దుకుంటుంది. అక్కడ వైరు కొస ఒకటి పైకి లేచి ఉంటుంది, చేత్తో కాదు, గుడ్డ కట్టుకుని తడిమి చూడండి. దాన్ని లోపలికి వంచి, ఆ భుజం మీద పాత కన్వేయర్ బెల్టు ముక్క వేయండి. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు, రెండు చివర్లా చిల్లు పెట్టి తాడుతో కట్టాలి. ఊరికే పెడితే పాయకరావుపేట చేరేలోపే జారిపోతుంది.

ప్యాచ్ చదరంగా కోస్తున్నారేమో. మూలలు గుండ్రంగా కోయాలి, చదరపు మూల నుంచే లేవడం మొదలవుతుంది. చిరుగు చుట్టూ నాలుగంగుళాలు అదనంగా, లోపలా బయటా రెండు వైపులా వేడిగాలితో అతికించాలి. పీవీసీ మీద దారం కుట్టు వేస్తే ఆ సూది చిల్లులే కొత్త చిరుగుకి దారి.

ముందు మూలల మడత చాలామంది తప్పు వేస్తారు. ముందువైపు పరదా దించి, దాని చెవుల్ని పక్కలకి తిప్పాలి, అంచు వెనక్కి చూడాలి. తిరగేసి వేస్తే అది సంచిలా గాలి మింగుతుంది.

గాజువాక ట్రైలర్

మడత నేను తిరగేసే వేస్తున్నానన్నా. కొస కూడా దొరికింది. తాడు ఒకటే, చుట్టూ అల్లుతున్నాం. మార్చాలా? ఒక బరకం బదులు రెండు ముక్కలు చేయిస్తే మేలా?

ఆటోనగర్ బరకాల పని

రెండు ముక్కలే మేలు. ఇప్పుడున్నది 96 చదరపు మీటర్లు, 63 కిలోలు. తడిస్తే ఇద్దరు మోయలేరు. ఒక్కోటి 28 అడుగులు చేయించండి. వెనకది మొదట పరిచి, ముందుది దాని మీద నాలుగడుగులు ఎక్కించాలి. ఈ వరస మారిస్తే అతుకులోంచి గాలీ నీళ్లూ రెండూ పోతాయి.

ఒకటే తాడు వద్దు. ఒకచోట తెగితే మొత్తం వదులు. బరకం అంచున ఉన్న మూడు నాలుగు రింగులకి ఒక తాడు, విడిగా ముడి. ఐదడుగులకి ఒకటి చొప్పున పైన అడ్డతాళ్లు వేస్తే బరకం ఉబ్బదు. తాడు 12 మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్. నైలాన్ తడిస్తే సాగుతుంది, నూలు తాడు తడిస్తే బిగిసి ఆరితే వదులవుతుంది. పాలీప్రొపిలీన్‌కి ఎండే శత్రువు, పైన నూగు లేచిందంటే మార్చేయాలి.

ఎన్‌హెచ్ 16 పాత డ్రైవర్

తుప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. అది పైనుంచి పడ్డ నీరు కాదు, లోపల పట్టిన చెమట. తడి కాయిల్ మీద బరకం కప్పి నాలుగు పక్కలా బిగిస్తే పగలు ఆవిరి లేస్తుంది, రాత్రి బరకం చల్లబడి అదే నీరు చుక్కలుగా రాలుతుంది. విశాఖ గాలిలో ఉప్పు ఉంది కాబట్టి బేగా ఎరుపెక్కుతుంది. కాయిల్ తడిగా ఎక్కితే గుడ్డతో తుడవండి, వాన లేనప్పుడు గంటసేపు గాలికి వదలండి, ఆపైన కప్పండి. వెనక పరదా కింద జానెడు సందు ఉంచండి, ముందు మాత్రం వద్దు. బరకానికి కాయిల్‌కి మధ్య చెక్క పట్టీలు నాలుగు వేస్తే చుక్కలు నేరుగా ఇనుము మీద పడవు. కింద నుంచి టైరు చిమ్మే నీటికి బల్ల సందుల మీద ప్లాస్టిక్ షీటు పరవాలి. ఈ ఒక్కటి మర్చిపోయి బరకాన్ని తిట్టేవాళ్లే ఎక్కువ.

లంకెలపాలెం అన్న

పైకెక్కి కట్టేటప్పుడు జాగ్రత్త తమ్ముడూ. బరకం పరిచాక కాయిల్స్ మధ్య సందు కనపడదు, కాలు అందులోకే పోతుంది. చుట్టిన బరకాన్ని లోడు మధ్యలో పెట్టి రెండు వైపులా కిందకి దొర్లించి, మిగతాది నేల మీద నుంచే లాగండి. తాడు లాగేటప్పుడు వెనక్కి వాలి లాగొద్దు, రింగు ఊడితే వెల్లకిలా పడతావు. ఒక కాలు ముందు ఒక కాలు వెనక పెట్టి, పక్కకి నిలబడి లాగు. గాలి గట్టిగా ఉంటే బండి ముక్కు గాలికి ఎదురు తిప్పి ఆపు, ముందు ముక్క అప్పుడే దించు.

కట్టాక వెనక లైట్లు, నంబరు ప్లేటు, రిఫ్లెక్టర్ టేపు పరదా కింద దాక్కోలేదని చూసుకో. కాయిల్ గానీ చీల గానీ బల్ల దాటి బయటికి వస్తే 2019 సవరణ చట్టం ప్రకారం 20,000 జరిమానా, పైగా అక్కడే దింపించే ఖర్చు కూడా నీదే.